డాక్టర్ వచ్చే వేళ

చెయ్యి మోచేతి దాకా తొట్టిలో ముంచి, మెర్వ్ పాస్కో నీళ్ళ చల్లదనం చూశాడు. తాడు కట్టిన థర్మామీటర్ పక్కనే తేలుతోంది. అయినా ముందు చెయ్యే పెడతాడు. జీవితమంతా డిపోలో బస్సులు కడిగిన చెయ్యి అది, వేళ్ళ చివర్లు ఎప్పుడూ నానినట్టే ముడతలు పడి ఉంటాయి. తెల్లారకుండానే నీళ్ళు గోరువెచ్చగా తగిలాయి. థర్మామీటర్ కూడా ఆ మాటే అంది.

ఫ్రీజర్‌లోంచి జ్యూస్ సీసాలు తెచ్చి తొట్టిలో ఒక్కొక్కటీ వదిలాడు. నీళ్ళు పోసి గడ్డకట్టించిన సీసాలవి. వాటికే ఫ్రీజర్ నిండిపోయి, ఇంట్లో బఠాణీలు పెట్టుకోవడానికి చోటు లేదు. తొట్టిలోని ట్రౌట్ చేపలు నీడలోంచి జారి వచ్చి సీసాల కింద చేరాయి. పైన కంకర మడిలో లెట్యూస్ ఆకుకూర అప్పుడే పూతకొచ్చింది. చేపల నీళ్ళు తాగి ఆ మడి బతుకుతుంది, మడి వడగట్టిన నీళ్ళలో చేపలు బతుకుతాయి. ఇవాళ వాటికి మేత వెయ్యలేదు. వేడి నీళ్ళలో ట్రౌట్‌కి కడుపు నింపడమంటే ప్రాణం తీయడమే.

నవంబరుకే ఎండలు మొదలయ్యే పెర్త్ పెరళ్ళలో ట్రౌట్లను చలికాలం మొదట్లో వదులుతారు, ఎండలు ముదిరేలోపు తీసేస్తారు. మెర్వ్ ఏటా నవంబరులో గుర్రప్పందేల మంగళవారం తొట్టి ఖాళీ చేసి, చేపలకు పొగపెట్టి వీధంతా పంచేవాడు. ఈసారి పందేలు ఎప్పుడో అయిపోయినా అయిదారు చేపల్ని అలాగే ఉంచాడు. మంచం పట్టిన భార్య నోయెలీన్‌కు ఇప్పుడు వెన్నలో మగ్గించిన ట్రౌట్ తప్ప మరేదీ గొంతు దిగడం లేదు. ఫ్రీజర్‌లో పెట్టిన చేప పీచులా ఉంటుందని ముట్టదు. చేపలున్నంత కాలం తింటుంది, తిన్నంత కాలం ఉంటుంది. మెర్వ్ లెక్క అదే. ఆ లెక్క అతను ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నానికి ఎండ రేకు కంచె మీద పడి కళ్ళు చెదరగొట్టింది. పెరటి కిటికీ పక్కన మంచంలో నోయెలీన్ కళ్ళు తెరిచి, "డాక్టర్ వచ్చాడా?" అంది.

ఐర్లండ్ నుంచి కొత్తగా వచ్చిన నర్సు ఓర్లా గబుక్కున ఫోన్ అందుకుంది. "నొప్పిగా ఉందా? ఇప్పుడే పిలుస్తానుండండి."

నోయెలీన్‌కు నవ్వొచ్చింది. "పిలిస్తే వచ్చే రకం కాదమ్మా వాడు. ఫ్రీమాంటిల్ రేవు వైపు నుంచి తీరిగ్గా వస్తాడు. ఫీజు మాత్రం పుచ్చుకోడు."

"సముద్రపు గాలి, అమ్మాయ్," అన్నాడు మెర్వ్. "ఇక్కడ మేమంతా దాన్ని డాక్టరనే అంటాం."

ఓర్లా ముఖం ఎర్రబడింది. మెర్వ్ భార్య వైపు తిరిగాడు. "ఉక్కగా ఉందా నీకు?"

"నాక్కాదు, నీ చేపలకి. ఇక్కడ్నుంచి కనబడుతూనే ఉంది, పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి."

మెర్వ్ తొట్టి వైపు చూశాడు. "గాలొస్తే తేరుకుంటాయిలే."

"తేరుకోవు. అవి చలి ప్రాణులు మెర్వ్, వాటి కాలం అయిపోయింది. ఎవరి కోసం ఆపుతున్నావో నాకు తెలీదనుకుంటున్నావా? నిన్న ఆ ముద్ద ఆకలేసి మింగలేదు. నువ్వు చెంచా పట్టుకుని చూస్తున్నావని మింగాను." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "తీసెయ్. ఎప్పట్లాగే అందరికీ పంచు. ఈ పిల్లక్కూడా ఒకటియ్యి."

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. నోయెలీన్ ముందు మాత్రం మెర్వ్ మొండితనం ఏనాడూ నిలవలేదు. చేతివల తీసుకుని పెరట్లోకి నడిచాడు.

ఒక్కో చేపనూ తడిచేత్తో పట్టుకుని, "థాంక్స్ రా నేస్తం," అని, చిన్న కర్రతో ఒక్కటే దెబ్బ వేశాడు. ఆ అలవాటు నోయెలీన్ నేర్పిందే. ఆ ఊళ్ళో బస్సు దిగేవాళ్ళందరూ డ్రైవరుకి థాంక్స్ చెబుతారు, బస్సు కడిగినవాణ్ణి ఎవరు తలుచుకుంటారు? ఎప్పుడో ఒక పొద్దున బిస్కెట్ ఫ్యాక్టరీకి పోయే పిల్ల ఒకతి కిటికీ అద్దం మీద వేలితో రుద్ది చూసి, "ఇది ఎవరు కడిగారో గానీ నా థాంక్స్ చెప్పు," అందట డ్రైవరుతో. ఆ కబురు చెవిన పడ్డాక మెర్వ్ ఆ బస్సును రెండేసిసార్లు కడిగాడు. తర్వాత ఓ రోజు డ్యూటీ దిగి, తానే టికెట్ కొనుక్కుని, ఆ పిల్లను చూడ్డానికి ఆ బస్సెక్కాడు.

జర్రా అనే చెట్టు చెక్కపొట్టు మీద పొగ లేవగానే పక్కింటాయన టోంచి కంచె మీదుగా తల పెట్టాడు. "ఈసారి ఇంతాలస్యమేంటయ్యా? చేపలకి పెన్షనిచ్చి పోషిస్తున్నావనుకున్నాం!"

"ఇవాళే రిటైరయ్యాయి," అన్నాడు మెర్వ్.

టోంచి నవ్వబోయి, కిటికీ వైపు చూసి ఆగిపోయాడు. చేప అందుకుని, గంపెడు నిమ్మకాయలు ఇటు దించాడు. వీధిలో మిగతావాళ్ళకూ మెర్వ్ ముక్కలు కోసి ఇంటింటికీ వెళ్ళి ఇచ్చాడు. అందరూ థాంక్స్ అన్నారు, నోయెలీన్‌ని అడిగామని చెప్పమన్నారు. ఓర్లా తన చేపను కాగితంలో చుట్టుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని వెళ్ళింది.

ఆఖరి చేపను పళ్ళెంలో పెట్టి మెర్వ్ మంచం దగ్గర కూర్చున్నాడు. ఈసారి చెంచా తేలేదు. నోయెలీన్ వాసన మాత్రం పీల్చి, బాగుందన్నట్టు తల ఊపింది. అప్పుడు కిటికీ తెర పొంగింది.

"వచ్చాడా?"

"వచ్చాడు."

"థాంక్స్ చెప్పు వాడికి," అని కళ్ళు మూసుకుంది.

నిద్రపోయిందనుకుని మెర్వ్ ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు. గది చల్లబడింది. ఆమె చెయ్యి కూడా చల్లబడుతోందని అతని వేళ్ళకే ముందు తెలిసింది. ఓర్లాకు ఫోన్ చెయ్యాలి, చేస్తాడు. కానీ చెప్పాల్సింది ఒకటుంది, దానికి ఇప్పటికే చాలా ఆలస్యమైంది. ఆమె చెవి దగ్గరికి వంగి, "ఆ అద్దం చూసినందుకు థాంక్స్," అన్నాడు. మనసు నిండుగా ఉంది. దుఃఖం దాని వెనకాలే వచ్చి నిలబడింది.

పెరట్లో పంపు ఇంకా నీళ్ళు తిప్పుతూనే ఉంది. చేపలు లేని తొట్టిలో, లోపలి ఐసంతా కరిగిపోయిన జ్యూస్ సీసా ఒకటి, బిగించిన మూత బిగించినట్టే ఉండి, నీటి ధార కింద మెల్లగా తిరుగుతోంది.