గుంట అడుగున వెలిగిన ఫోన్

ఆ రోజు ఇంట్లో ఉన్నది అక్క, అక్క చంటిపాప, అక్క అత్తగారు రెబెక్కమ్మ, నేను. బావ తిమోతి రొయ్యల గుంటల దగ్గరికి పోయాడు. ఇది ముందే రాస్తున్నాను, ఎందుకంటే ఆ తర్వాత ఇంట్లో ఎవరెవరున్నారో నేను మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

వేసవి సెలవుల్లో పాపను ఎత్తుకోవడానికని అమ్మ నన్ను అల్లూరు దగ్గరున్న ఈ ఊరికి పంపింది. అక్క ఎలిశబెతు పెళ్లికి ముందు నర్సు చదువు చదివింది. ఇప్పుడు ఆ చదువు అత్తగారికి బీపీ చూడటానికీ, గుంటల్లో బావ కాలు తెగితే కట్టు కట్టడానికీ పనికొస్తోంది. ‘ఇంట్లోనే నర్సుంటే జీతం లేకుండా జరిగిపోతాది’ అని బావ నవ్వుతాడు. ఈ ఇంట్లో తలుపులకు లోపల గడియలు లేవు. ఉప్పుగాలికి తుప్పుపట్టి ఊడిపోయాయట, మళ్లీ ఎవరూ వేయించలేదు. నేను స్నానం చేస్తున్నంతసేపూ అక్క బయట నిలబడుతుంది.

ముందురోజు బావ అక్క ఫోన్ తీసుకుని, నిదానమైపోయిందని అందులోదంతా తుడిచేశాడు. ‘కొత్తదాని మాదిరి చేసినా, చూసుకో’ అని చేతికిచ్చాడు. దాంతోపాటే అంకెలు చూపించే యాప్ కూడా పోయింది. బడిలో కంప్యూటర్ సారు నేర్పితే అది నేనే అక్కకు పెట్టిచ్చాను. అక్క మెయిల్ తెరవాలంటే పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, ఆ యాప్‌లో అంకెలు చూసి కొట్టాలి. ఆ మెయిల్‌లో నెల్లూరు ఆసుపత్రి వాళ్లు ఉద్యోగం ఇస్తామని రాసిన ఉత్తరం ఉంది. వస్తుందో రాదో అక్క ఈ సాయంత్రంలోగా జవాబు రాయాలి.

ఆ ఉత్తరం సంగతి అక్క నాకు చెప్పడమే గొప్ప. క్రిస్మస్ రోజుల్లో బావ అన్నం తింటూ తింటూ, ‘నెల్లూరులో నర్సులకు రాత్రి డ్యూటీలంట గదా’ అన్నాడట. దరఖాస్తు పెట్టిన సంగతి అక్క నా ఒక్కదానికే మెయిల్‌లో రాసింది. నేనే బావకు చేరవేశానని అనుకుంది. నన్ను అడగలేదు, ఊరికే రాయడం తగ్గించేసింది. అడిగితే లేదని చెప్పేదాన్ని. అడగనిదానికి ఏమని చెప్పను?

పాప నిద్రపోయాక ఇద్దరం వంటింట్లో రొయ్యలు ఒలుస్తూ కూర్చున్నాం. నేను చేతులు కడుక్కుని అక్క ఫోన్ తీసుకున్నాను. పాస్‌వర్డ్ కొట్టి, అంకెలు లేకపోతే వేరే దారి ఉందేమోనని వెతికి నొక్కాను. మీ ఇంకో ఫోన్‌కి కబురు పంపాం, అక్కడ ‘అవును’ నొక్కండి అని తెర మీద వచ్చింది. కింద ఆ ఫోన్ పేరు ఉంది. అది అక్క పాత ఫోన్.

“అదెక్కడుండాది ఇప్పుడు?” అంది అక్క. “నిరుడే గుంటలో పడిపోయింది గదా. మీ బావ చేతిలోంచే జారిపోయిందంట.”

గుంటల్లో రొయ్యలకు గాలి అందించే ఏరేటర్ల చక్రాలు నీళ్లు కొట్టే చప్పుడు ఈ ఇంట్లో పగలూ రాత్రీ వినిపిస్తూనే ఉంటుంది. ఆ చప్పుడు కింద, అడుగు బురదలో, రొయ్యల మీసాల మధ్య ఆ ఫోన్ ఇప్పుడు వెలుగుతున్నట్టు నాకు కనిపించింది. దాని మీద ఒకే ప్రశ్న. ఇది మీరేనా?

అక్క నవ్వబోయింది. అంతలో నా చేతిలో తెర మారింది. మెయిల్ తెరుచుకుంది.

ఎవరో అవునన్నారు.

అక్క, నేను ఇక్కడే ఉన్నాం. పాప ఉయ్యాల్లో ఉంది. బావ ఇంట్లో లేడు. లోపలి గదిలో రెబెక్కమ్మ అత్త దగ్గింది.

మేం వెళ్లేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో తువ్వాలు, తువ్వాల్లో ఆ ఫోన్. అద్దం మూల పగిలింది కానీ ఎక్కడా తడి తగిలిన జాడ లేదు.

“మోగింది, నొక్కినా,” అంది మామూలుగా. “మీరేనా అని అడుగుతాది. అవునని నొక్కమన్నాడు తిమోతి. నొక్కకపోతే నీ ఫోన్ ఆగిపోతాదంట. నీ పనే గదమ్మా.”

ఇది ఎప్పటినుంచి మీ దగ్గరుందని అక్క అడిగింది.

“గుంటలో పడిందన్నాడే, ఆ రోజు నించి. నువ్వు పాపకు పాలిస్తా ఉంటావు గదా, అప్పుడు వాడొచ్చి చదివి వినిపిస్తాడు. అక్కాచెల్లెళ్లు బలే రాసుకుంటారు.” ఆవిడ నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, ప్రేమగానే అడిగింది. “నెలనెలా వచ్చే ఆ కడుపునొప్పి తగ్గిందా పాపా?”

ఆ సంగతి నేను అమ్మకు కూడా చెప్పలేదు. అక్కకు రాశాను. బడిలో బెంచీ మీదనుంచి లేవలేక అందరూ వెళ్లిందాకా కూర్చున్న రోజు రాశాను. ఆ మాటలు బావ గొంతులో ఎలా వినిపించి ఉంటాయో అనుకున్నాను. మొన్న భోజనాల దగ్గర ఆయన నన్ను చూసి, ‘బాగా తిను, నీరసంగా ఉంటాది నీకు’ అన్నది గుర్తొచ్చింది. నా ఒంటి మీద బట్టలున్నాయో లేదో చూసుకోవాలనిపించింది.

అక్క నా మొహంలోకి చూసింది. క్రిస్మస్ తర్వాత అలా చూడటం అదే మొదలు. తర్వాత వంగి ఫోన్ అందుకుంది. రెబెక్కమ్మ అత్త తువ్వాలు కొస వెంటనే వదల్లేదు.

“వాడొచ్చి అడిగితే నేనేం చెప్పేది?” అంది. అలా అన్నప్పుడు ఆవిడ నాకంటే చిన్నపిల్లలా కనిపించింది.

అక్క ఆ ఫోన్‌ని కొంగున దోపుకుంది. పాప లేచి ఏడిస్తే ఎత్తుకుని తన గది వైపు నడిచింది. నేను పక్కనే నడుస్తూ, ముందు పాత ఫోన్‌ని మెయిల్‌లోంచి తీసెయ్యాలి, పాస్‌వర్డ్ మార్చాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి రాయాలి అని గుసగుసగా చెప్పాను. అక్క తలాడించింది. గుంటల కట్ట మీద బావ బండి చప్పుడు వినిపించింది. గుమ్మం దగ్గర అక్క పాపను నా చేతికిచ్చి, నా దగ్గరున్న తన ఫోన్ తీసుకుంది. ఫోన్ పనులన్నీ ఎప్పుడూ నేనే కదా చేసేది, వెనకే లోపలికి అడుగు వేయబోయాను. అక్క తలుపుకి చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వు కూడా వద్దు,” అంది. “లోపలెవరని మీ బావ అడిగితే, నేనే ఉండానని చెప్పు.”

నా మొహం మీదే తలుపు వేసింది. దీనికి గడియ లేదు కదా అనుకునేలోగా, లోపల బియ్యం మూట ఈడ్చుకొచ్చి తలుపుకి ఆనించిన చప్పుడైంది.