శత్రువుకిచ్చిన అధ్యాయం

...అసలు మతి ఉండే చేశాడా ఆ పని, అనుకుంది ప్రవీణ, డార్మ్‌స్టాట్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ పోతున్న రైల్లో ఒళ్ళో ట్యాబ్ పెట్టుకుని, పాత పుస్తకాలు స్కాన్ చేయించడం తన ఉద్యోగం, ఎన్ని వందల పుస్తకాలు కళ్ళ ముందు నుంచి పోలేదు, కానీ ఈ స్పెయిన్ దొర, వల్దెసెర్నా కౌంట్, జర్మన్ అనువాదంలో దొరికిన దగ్గర్నుంచీ మనసును వదలడం లేదు, పుట్టుకతో జమీందారు, ఇష్టంతో చరిత్రకారుడు, రాణిగారి మాట కాదనలేక మంత్రి, పగలు హుకుములు, సాయంత్రం చరిత్ర రాత, దేశం కథంతా రాసుకుంటూ వచ్చి వచ్చి, సరిగ్గా తాను మంత్రిగా ఉన్న కాలం దగ్గర కలం ఆపేశాడు, ఇది నేను రాయకూడదు అన్నాడు, అని ఎవరికిచ్చాడు, తాను జైల్లో పెట్టించిన పత్రికా సంపాదకుడికి, అయ్య బాబోయ్, మీరే రాయండి, అక్షరం మార్చను అని మాటిచ్చి, తనను పిరికివాడన్న మాటతో సహా తన పుస్తకంలోనే అచ్చేయించాడు.

టికెట్ అడిగితే చూపించి మళ్ళీ ఆ పేజీలోకే వెళ్ళింది, రొట్టెల కోసం వచ్చిన జనం మీద మంత్రిగారి సైనికులు కాల్చి తొమ్మిదిమందిని చంపారని సంపాదకుడు రాస్తే, అడుగున చిన్న అక్షరాల్లో కౌంట్ మాట, అధ్యాయం మొత్తానికీ ఆయన చేర్చింది అదొక్కటే, తొమ్మిది కాదు పదకొండు, మిగిలిన ఇద్దరి సంగతి ఈయనకు తెలియదు, నాకు తెలుసు, అని ఆ ఇద్దరి పేర్లు, ఒకామె బట్టలుతికే మనిషి, ఒళ్ళు జలదరించింది ప్రవీణకు, ఎంత గుండె ఉండాలి, ఎంత పెద్దమనిషి, రైల్లోనే లేచి దండం పెట్టాలనిపించింది.

ఫోన్, భాస్కర్ రావు గారు, తెలుగు సంఘం అధ్యక్షుడు, ఏమ్మా ప్రవీణా, మన సంఘం సంచికలో నీ పేజీ ఇంకా రాలేదంటమ్మా, ప్రెస్సువాళ్ళు సాయంత్రం దాకే ఆగుతారంట, పంపుతానండీ అంది, సంఘం చరిత్ర రాసే పని తనకే అంటగట్టారు, అంతా రాసింది, సంఘం చీలిన ఏడు దగ్గర మాత్రం, అప్పుడు కార్యదర్శి తనే కదా, కొన్ని అనివార్య కారణాల వల్ల కొందరు సభ్యులు వేరుపడ్డారు అని రాసి ఊరుకుంది, ఎంత నున్నటి వాక్యం, ఎవరికీ ఏమీ తగలదు, ఎక్కడో దూరాన ఉన్న ఇల్మెనౌ అనే ఊరి నుంచి ఉగాదికి వచ్చిన స్టూడెంట్లు సభ్యత్వం కార్డుల్లేక బయట ఆగిపోయారనీ, వాళ్ళ తరఫున తోటి సభ్యుడు కమలాకర్ పోట్లాడి సగం సంఘాన్ని వెంటబెట్టుకుపోయాడనీ అందులో ఎక్కడుంది, ఇప్పుడు ఒకే ఊళ్ళో ఒకే రోజు రెండు ఉగాదులు, రెండు పచ్చళ్ళు, రెంటికీ వేప్పువ్వు మాత్రం ఒకే కొట్టు నుంచి, నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, తన ఇంట్లో చెయ్యి కడుక్కోకుండా గారెలు ఎత్తుకుతినే కమలాకర్, ఈ వాక్యం అచ్చయితే ఇక ఈ జన్మలో తన గడప తొక్కడు.

ఎలా నొక్కిందో నొక్కేసింది అతని నంబరు, ఏంది మేడం, ఇన్నేండ్లకు యాదికొచ్చిన్నా, అన్నాడు, ఒకప్పుడు నోరారా అక్కా అన్నవాడు, సంఘం చీలిన సంగతి మీరు రాయండి కమలాకర్ గారూ, సాయంత్రంలోగా, ఒక్క మాట కూడా మార్చను, అంది, నేను రాస్తే మిమ్మల్నే రాస్త, మంచిగుండది మల్ల, అన్నాడు, రాయండి, పోరగాండ్లు వానల నిలవడ్డది రాస్త, రాయండి, కార్డుల్లేవన్నది గాక, లోపట కుర్చీలు ఖాళీగున్నా హాల్ ఫుల్ అని మీరే చెప్పిండ్రని గూడ రాస్త, నాకు ఎరుకే, అది కూడా రాయండి, అంది ప్రవీణ, సరే, పంపుత, అని పెట్టేశాడు.

ఫోన్ సంచిలో వేసుకోబోతే చెయ్యి వణుకుతోంది, ఆపుదామన్నా ఆగడం లేదు, ఎదుటి సీటు ముసలావిడ నీళ్ళ సీసా అందించింది, డాంకె అని తాగింది, అయినా వణుకుతూనే ఉంది, ఇన్నాళ్ళూ ఆ కౌంట్ భయమెరగని మనిషి గనక ఆ పని చేయగలిగాడనుకుంది, కాదు, ఆ కాగితాలు అచ్చుకు పంపిన రోజు ఆయన చెయ్యి కూడా ఇలాగే వణికి ఉంటుంది, వణుకుతున్న చేత్తోనే పంపాడు.