తేనె పోసిన సీసా

నన్ను చూసినవాళ్ళు ముందు లాంతరనుకుంటారు. కాదు, నేనొక గాజు సీసాని. అడుగున ఎర్రటి పళ్ళెం, దానిమీద నాలుగు పసుపుపచ్చ ప్లాస్టిక్ పువ్వులు, ఒక్కో పువ్వు నడుమ జొన్నగింజ పట్టేంత కన్నం. నాలో తీపినీళ్ళు పోసి పెరట్లో వేలాడదీస్తే హమ్మింగ్‌బర్డ్‌లు వచ్చి తాగుతాయి. మీలో చాలామంది చూసి ఉండరు. బొటనవేలంత పిట్ట. మన తేనెపిట్టలాగే పూలతేనె తాగుతుంది. కాని గాలిలో ఒక్కచోటే నిలబడి, రెక్కలు కంటికి ఆననంత వేగంగా ఆడిస్తూ, సూదిలాంటి ముక్కు లోపలికి దించుతుంది.

నేను పుట్టిన గంటలోనే అదే ఫ్యాక్టరీలో నాలాంటివి ఇంకో ఆరువందలు పుట్టాయి కాబట్టి నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోను. టెక్సాస్ సముద్రతీరాన ఒక చిన్న ఊళ్ళో, తోటసామాన్ల కొట్లో మూడు నెలలు దుమ్ము కొట్టుకుని కూర్చున్నాక, ఆగస్టు చివర ఇందుమతి నన్ను కొనుక్కుంది.

ఇందుమతిది భీమునిపట్నం. ఇక్కడ డయాలిసిస్ సెంటర్లో టెక్నీషియన్. భర్త ప్రసన్న సముద్రంలో చమురు రిగ్గుమీద పని చేస్తాడు. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. పక్కింట్లో కోటిలింగంగారు. ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి, వాళ్ళ జిల్లావారే. ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేది. ఆయన పెరట్లో నాలాంటి సీసాలు ఎనిమిది. ఫీడర్లంటారు మమ్మల్ని. సెప్టెంబరు వచ్చిందంటే ఉత్తరాన్నుంచి హమ్మింగ్‌బర్డ్‌లు ఈ తీరానికి దిగుతాయి. కొన్నాళ్ళు కడుపునిండా తాగి, ఒళ్ళు చేసి, వాలడానికి చోటులేని సముద్రం మీదుగా వెళ్ళిపోతాయి. ఆ రోజుల్లో కోటిలింగంగారి పెరటినిండా మడతకుర్చీలు, కెమెరాలు, జనం. ఇందుమతి కంచె ఇవతల కాఫీ కప్పుతో నిలబడి చూసేది. రెండేళ్ళు అలా చూసింది. మూడో ఏడు నన్ను కొంది.

"ఒక పాలు పంచదార, నాలుగు పాళ్ళు నీళ్ళు. అంతే," అన్నారాయన నన్ను చేతిలో తిప్పి చూస్తూ. "రంగు వద్దు. తేనె అసలే వద్దు. రోజు విడిచి రోజు దించి వేణ్ణీళ్ళతో కడుగు. కన్నాల్లో బ్రష్ పెట్టి తిప్పాలి సుమా."

"పిట్టలకి కూడా ఇంత మడేనా బాబాయిగారూ?" అని నవ్వింది ఇందుమతి.

నాలుగు రోజులు నా దగ్గరికి ఒక్కటీ రాలేదు. అన్నీ అటే. ఐదో రోజు పొద్దున, అరకులో కొని దాచుకున్న అడవితేనె తీసి నాలో ఒంపి, నీళ్ళు కలిపింది. సరిగ్గా ఆ పూటే ఉత్తరపు గాలి తిరిగింది. పిట్టలు గుంపులుగా దిగాయి. ఆవేళ నాలో ఏం పోసినా వచ్చేవే. ఆవిడ మాత్రం అదంతా తేనె మహిమ అనుకుంది. గాలికి దక్కాల్సిన పేరు మనుషులు ఎంత సులువుగా తీసేసుకుంటారో అప్పుడు చూశాను.

ఇక కుర్చీలు ఇటు తిరిగాయి. కెమెరాలు ఇటు తిరిగాయి. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇందుమతి ఫోటోలే ఫోటోలు. నన్ను దించితే పిట్టలు చెదిరిపోతాయని దించలేదు. తగ్గినప్పుడల్లా పైనుంచి పోసేది. సెంటర్లో పేషెంటుకి సూది గుచ్చేముందు ఒకటికి రెండుసార్లు చేతులు కడుక్కునే మనిషి, తొమ్మిది రోజులు నన్ను కడగలేదు. ఎండ మండిపోతోంది. లోపల తేనె పులిసింది. నా పువ్వుల కన్నాల చుట్టూ నల్లటి బూజు పట్టింది. అది తెలిసీ వేలాడుతూనే ఉన్నాను, వచ్చినదానికల్లా అదే తాగించాను. నాకు నోరు లేదంటారా? ఉన్న నాలుగు నోళ్ళూ అందుకే పనికొచ్చాయి.

పదో రోజు ఒక పిట్ట నా పళ్ళెం అంచు పట్టుకుని కదలకుండా కూర్చుంది. నాలుక బయటికి వచ్చేసింది, వాచిపోయి ఉంది, లోపలికి పోవడంలేదు. ఇందుమతి చెయ్యి చాచితే ఎగరలేదు. అరచేతిలోనే పోయింది. ఆవిడ అటూ ఇటూ చూసి, కరివేపాకు కుండీలో మట్టి తవ్వి దాన్ని కప్పేసింది.

మర్నాడు కోటిలింగంగారి పెరట్లో ఇంకో రెండు చచ్చిపడి దొరికాయి. దెబ్బతిన్న పిట్టలకి వైద్యం చేసే మార్తా అనే ఆవిడ వచ్చి చూసి, నాలుకకి బూజు జబ్బు పట్టిందనీ, పాచిపోయిన నీళ్ళవల్లో తేనెవల్లో అయ్యుంటుందనీ చెప్పింది. ఇందుమతి కంచె దగ్గరే ఉంది. నోరు తెరిచింది కూడా. ఈలోగా కోటిలింగంగారే అనేశారు:

"నావల్లే అయ్యుంటుంది. ఈమధ్య చూపు ఆనడంలేదు. బ్రష్ సరిగ్గా తిప్పానో లేదో."

ఇందుమతి తెరిచిన నోరు మూసేసింది.

సీజను నట్టనడుమ ఆయన ఎనిమిది ఫీడర్లూ దించేశారు. గేటుకి కాగితం అంటించారు, ఈ ఏడు ఎవరూ రావద్దని. ఇందుమతి నన్ను దించి, పరుగున లోపలికి తీసుకెళ్ళి వెనిగరుతో, మరిగే నీళ్ళతో రుద్ది రుద్ది కడిగి, పంచదార నీళ్ళు పోసి మళ్ళీ వేలాడదీసింది. సాయంత్రం ఆయన పంచదార సంచి మోసుకుంటూ వచ్చారు.

"నీది అద్దంలా ఉందమ్మా. నా పిట్టల్ని కూడా నువ్వే చూసుకో. నా చేతులమీద నాకే నమ్మకం పోయింది."

ఇందుమతి ఆ సంచి అందుకుంది. అందుకోకుండా ఉంటే బాగుండేది.

మూడు రోజులు ఆయన పొద్దున్నే కంచె దగ్గరికొచ్చి, "ఇవాళ ఎన్ని వచ్చాయమ్మా?" అని అడిగేవారు. ఆవిడ లెక్క చెప్పేది. నాలుగో రోజు కూడా అదే ప్రశ్న. ఆవిడ నన్ను కొక్కెం నుంచి తీసి, చేత్తో పట్టుకుని ఆయన వాకిట్లోకి నడిచింది.

"బాబాయిగారూ, తేనె పోసింది నేను. తొమ్మిది రోజులు కడగలేదు. మొదటి పిట్ట నా దగ్గరే చచ్చిపోయింది. దాచేశాను."

ఆయన కేకలేస్తారనుకుంది. కేకలెయ్యలేదు. మెట్టుమీద కూర్చుని తన వేళ్ళవంక చూసుకున్నారు.

"పిట్టల సంగతి తెలియక చేశావు," అన్నారు. "నేను ఈ మూడు రోజులూ కళ్ళ డాక్టరుకి ఫోన్లు చేస్తూ కూర్చున్నానమ్మా. నువ్వు రోజూ నా మొహం చూస్తూనే ఉన్నావు."

ఇందుమతి ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. "మార్తాకి నువ్వే చెప్పు," అని లోపలికి వెళ్ళి, ఫీడర్లు ఒక్కొక్కటే బయటికి తెచ్చారు. అప్పటికి గాలి మళ్ళీ తిరిగింది. మిగిలిన పిట్టలు ఆ మధ్యాహ్నమే సముద్రంమీదికి వెళ్ళిపోయాయి. వాటిలో నా దగ్గర తాగినవి ఎన్నో, అవతలి ఒడ్డు చేరినవి ఎన్నో, ఎవరికీ తెలియదు.

ఇందుమతి చెప్పిందంతా విన్నాక మార్తా నన్ను పారేయనివ్వలేదు. ఊళ్ళోని పక్షుల కేంద్రంలో చిన్న మ్యూజియం ఉంది, అక్కడ అద్దాల బీరువాలో పెట్టింది. పేరు అక్కర్లేదని మార్తా అన్నా వినకుండా, ఇందుమతి తన పేరుతోనే చీటీ రాసింది: ఇందులో తేనె పోశాను, తొమ్మిది రోజులు కడగలేదు, దాంతో పిట్టలు చచ్చిపోయాయి. కోటిలింగంగారు కళ్ళద్దాలు తుడుచుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివారు.

"ఇంతేనా?" అన్నారు. "మూడు రోజుల సంగతి?"

ఇందుమతి మొహం కందిపోయింది. కలం తీసి, కింద ఇంకో వాక్యం చేర్చింది: నావల్లే అని తెలిసీ మూడు రోజులు చెప్పలేదు, వేరొకరు నింద మోశారు. ఆవిడ రాయడం పూర్తయ్యేదాకా ఆయన పక్కనే నిలబడ్డారు.

ఇప్పుడు బడిపిల్లలు వస్తుంటారు. చీటీ చదివి, బూజు కోసం నన్ను పైనుంచి కిందిదాకా వెతుకుతారు. నేను తళతళా మెరుస్తుంటాను. "ఇంత శుభ్రంగా ఉంది, ఇదా?" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నా పువ్వులు నాలుగూ కిందికి వంచుకోవాలనిపిస్తుంది. ప్లాస్టిక్‌వి. వంగవు.