కోడలి జాన

"బొంత మంచానికి గానీ, కిటికీకి ఎవురన్నా ఏస్తారామ్మా?" అన్నాడు మా మామ వెంకటరమణప్ప. మదనపల్లెలో కర్టెన్ల షాపు ఆయనది. ఊళ్లో సగం కిటికీలు తన చలవేనని గొప్ప.

నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో పడమటి గదులు రెండు. ఎండాకాలం మధ్యాహ్నం వాటిలో అప్పడాలు కాల్చుకోవచ్చు. ఆయన కర్టెన్లు పూలు పూలుగా బాగానే ఉంటాయి, ఎండను మాత్రం ఆపవు.

"పందెం మామా. ఒక గదికి నీ కర్టెను, ఒక గదికి నా బొంత. నేను గెలిస్తే షాపులో ముందర మూల నా మిషన్‌కి ఇయ్యాల. కిటికీ బొంతలు కుట్టి అమ్ముతా."

"ఓడిపోతే?"

"మళ్లా మిషన్ మాటెత్తను."

మాటవరసకు అన్నది కాదు. పెళ్లయిన నాలుగేళ్లుగా ఆ మిషన్ అటక మీదే ఉంది.

కిటికీ కొలిచింది మామే. "నిలువు ఏడు జానలు, అడ్డం అయిదు," అన్నాడు. పాత నూలు చీరలు పొరలుగా పరిచి, నడుమ దుప్పటి పెట్టి, పది రోజులు చేత్తో కుట్టాను. పైన ఎరుపు, పసుపు ముక్కలు ముగ్గులాగా అతికాను. తీరా తగిలిస్తే కింద జానెడు పొట్టి, పక్కల్లోనూ సందులు! కొలిచింది ఆయన జాన, కత్తిరించింది నా జాన.

మామ పడీపడీ నవ్వాడు. "కిటికీకి చెడ్డీ తొడిగినావు గదమ్మా!"

ఏడుపొచ్చేసింది నాకు. మా అత్త పాపక్క లేచి పెట్టె తెరిచింది. జానెడు అంచున్న తన పెళ్లి చీర తీసి, సర్రున అంచు చించింది.

"అత్తా, పెళ్లి చీర!"

"పెట్లో ఉండి ఏం సేస్తాది? ఆయప్ప నవ్వు ఆగల్ల. కుట్టు."

ఇద్దరం కూర్చుని మూడు వైపులా ఆ అంచు మడతలేసి కుట్టాం.

మరునాడు మధ్యాహ్నం రెండు గదుల్లోనూ గిన్నెల్లో వెన్నముద్దలు పెట్టి తలుపులు మూశాం. మూడు గంటలకు అత్తే తీర్పరి. కర్టెన్ గదిలో వెన్న కరిగి నూనెలా తేలుతోంది. బొంత గది తలుపు తీశాం. వెన్న కాస్త మెత్తబడింది గానీ ముద్ద ముద్దలాగే ఉంది. దాని పక్కనే మంచం మీద మా మామ గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు!

అత్త తట్టి లేపింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. "నిద్ర గాదే, వెన్నకు కాపలా కాస్తాండా."

"కాసింది సాలు. పొయ్యి షాపులో మూల ఖాళీ సెయ్యి."

"ఎండ తగ్గినాంక పోతాలే. ఈడ సల్లగా ఉండాది," అని మళ్లీ పడుకున్నాడు.

నేనాగలేదు. అప్పుడే అటకెక్కి మిషన్ దించాను.

వారం తిరగకముందే బి.కొత్తకోట నుంచి ఒకాయన కిటికీ బొంత కావాలని వచ్చాడు. కిటికీ ఎన్ని జానలుంటుందో చూపించడానికి చెయ్యి చాచాడు. మామ గల్లాపెట్టె దగ్గర నుంచే గట్టిగా అరిచాడు.

"ఆగప్పా! ఈ షాపులో కొలత మా కోడలి జాన!"