నాలుగు నిమిషాల పాత్ర

మా నీహారిక ఒపేరా గాయని. ఈ మాట పైకి అనడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. డాలస్ పక్కన మేముండే ప్లేనోలో ఎవరైనా అడిగితే "మ్యూజిక్‌లో మాస్టర్స్" అని సగం మింగేసేవాణ్ణి. ఆ పాట కూడు పెడుతుందా, గుడ్డ పెడుతుందా అని దాన్ని నిలదీసిందీ నేనే. కాలేజీలో అది పాడిన కచేరీల్లో ఒక్కదానికీ వెళ్లలేదు. ప్రతిసారీ ఆఫీసులో ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండేది. లేకపోయినా ఉందని చెప్పేవాణ్ణి.

2012 మే నెలలో డాలస్‌లో ఇలాంటి సంగీత నాటకాలాడే ఒక చిన్న ఒపేరా కంపెనీ దానికి మొదటి పాత్ర ఇచ్చింది. పనిమనిషి వేషం. మొదటి రంగంలో ఒకే పాట, నాలుగు నిమిషాలు. ఆ తర్వాత ట్రే పట్టుకుని నిలబడటమే.

"నాన్నా, ఈసారి నువ్వు రావాలి, ప్లీజ్. సండే సిక్స్ థర్టీ. సిక్స్ థర్టీ అంటే సిక్స్ థర్టీనే! నా పాట స్టార్టింగ్‌లోనే ఉంది" అంది.

వస్తానని మాటిచ్చాను. నిజంగానే వెళ్లాలనుకున్నాను. కొత్త చొక్కా కూడా కొన్నాను.

ఆదివారం ఐదింటికే తయారై కారు తాళాలు తీస్తే, మా అత్తగారు అనంతలక్ష్మిగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలమట. "పిల్ల గొంతు విషయం బాబూ! ఆరు దాటాకే గడప దాటండి" అన్నారు.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా వాదించలేదు. ముప్పై ఏళ్లుగా తెలుగు సభలు చూస్తున్నవాణ్ణి. ఆరున్నర అంటే జ్యోతి వెలిగించేసరికి ఏడు, ముఖ్య అతిథి మైకు వదిలేసరికి ఏడున్నర. "ఏమండీ, అది మరీమరీ చెప్పింది కదా" అని నా భార్య రజిని నసిగింది. "నాకు తెలుసులేవే" అన్నాను. అన్నీ తెలిసిన మహానుభావుణ్ణి మరి!

ఆరు దాటిన రెండు నిమిషాలకు అత్తగారితో కలిసి ముగ్గురం బయల్దేరాం. కారు పార్క్ చేసి పరిగెత్తేసరికి ఆరూ నలభై. తలుపులు మూసేశారు. ఇంటర్వెల్ దాకా తెరవడం కుదరదని అక్కడున్న పెద్దావిడ చెప్పింది. లోపల పాడేది మా అమ్మాయే అని బతిమాలాను. ఆవిడ పాపం నొచ్చుకుంటూ గోడ మీది చిన్న టీవీ చూపించింది.

అందులో బొటనవేలంత నీహారిక, తెల్ల ఏప్రన్ కట్టుకుని పాడుతోంది. టీవీకి చప్పుడు లేదు. కానీ తలుపు చెక్కలోంచి సన్నగా ఒక గొంతు వస్తోంది. మైకు కూడా లేకుండా! చెవి ఆనించి విన్నాను. ఓరి భగవంతుడా, ఇది మా పిల్ల గొంతా అనుకున్నాను. నిమిషంలో అయిపోయింది. లోపల చప్పట్లు మోగాయి. రజిని కళ్లు తుడుచుకుంది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

ఇంటర్వెల్ తర్వాత లోపల కూర్చుని, అది ట్రే పట్టుకుని నిలబడటం చూశాం. ఆట ముగిశాక బయటికొచ్చింది.

"చాలా బాగా పాడావమ్మా" అన్నాను.

"థాంక్స్ నాన్నా. పాడేటప్పుడు మీ మూడు సీట్లు ఖాళీగా కనిపించాయి. రాలేదనుకున్నా."

"అది కాదమ్మా, కొంచెం లేటయి..."

"ఇట్స్ ఓకే. నాకు అలవాటే."

కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. అది మామూలుగా అంది, అమ్మమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ.