మా ఆయనకు బీడీ నేర్పాను

వానలు మొదలైన దగ్గర్నుంచి మా ఆయన యేసుపాదానికి దగ్గు తగ్గలేదు. నరసరావుపేట చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వంట చేసే మనిషి. నలభై ఏళ్ళుగా కట్టెల పొగలోనే బతికాడు. ఆయన దగ్గినప్పుడల్లా నాకు చనిపోయిన మా అమ్మ, మా పెద్దన్న వరసగా గుర్తొస్తారు. చెప్పకుండా వెళ్ళిపోవడం మా వాళ్ళకు అలవాటు.

ఊపిరితిత్తుల కాన్సర్ పరిశోధనకు ప్రభుత్వం డబ్బిచ్చిందనీ, స్కాన్ బండి మా పేటకు వస్తుందనీ పేపర్లో చదివాను. స్కాన్ ఉచితం. కాకపోతే ఇరవై ఏళ్ళపాటు బీడీయో సిగరెట్టో తాగి ఉండాలి. పొయ్యి పొగ మాట ఎక్కడన్నా ఉందేమోనని పేపరు తిప్పి తిప్పి చూశాను. లేదు. దానికి నిధులు రాలేదు కాబోలు.

బీడీ తాగుతాడని ఆయన పేరు రాయించి, ఒక కట్ట కొనుక్కొచ్చాను. ఆయన అంటించి, నోట్లో పెట్టుకుని, బుగ్గలు పొంగించి ఉఫ్ అని ఊదాడు. నిప్పురవ్వలు నా చీర మీద పడ్డాయి.

“ఊదేది కాదయ్యా, పీల్చేది!”

“నిప్పు కనపడితే ఊదకుండా ఎట్టుంటానే? చేతి అలవాటు గదా.”

“చెయ్యి గాదు, నోరు.”

“ఏదో ఒకటి.”

మర్నాడు పరిశోధన ఆఫీసు నుంచి రోహిణి అనే అమ్మాయి వచ్చింది. నేను బయటికి వచ్చేసరికే పక్కింటి హజ్రా బీని ఆపి, యేసుపాదం గారి అలవాట్లేంటని అడుగుతోంది. మా వీధిలో కొత్త మనిషి అలా అడిగితే ఒకటే అర్థం. మా అబ్బాయి సుధీర్‌కు పిల్లనిచ్చేవాళ్ళు వచ్చారనుకుని హజ్రా బీ కొంగు సర్దుకుంది.

“బీడీనా? ఆయనా? ఎవరన్నా సిగరెట్టు ముట్టిస్తే సందు మారిపోతాడు! చానా పద్ధతైన కుటుంబం.”

వెనక నుంచి వద్దు వద్దని చేతులూపాను. ఇంకా పొగడమన్నాననుకుంది. “మందు వాసన కూడా తెలీదు. పిల్లోడూ అంతే.”

“తాగుతాడమ్మా! దొంగచాటుగా తాగుతాడు!” అని అరిచాను.

హజ్రా బీ నా జబ్బ మీద ఒక్కటిచ్చింది. “ఏమే కరుణా, మతిపోయిందా? సంబంధం వాళ్ళ ముందు మొగుడి పరువు తీస్తావేందే?”

ఇక లాభం లేదని ఆయనే బయటికొచ్చి, తాగేవాడినేనని చూపించడానికి బీడీ ముట్టించి, ప్రాణం పెట్టి ఊదాడు. నిప్పురవ్వలకు రోహిణి ఎగిరి అరుగు దిగి నిలబడింది. నేను ఏడుపు అందుకున్నాను.

“ఆంటీ, ఏడవకండి. పోల్చి చూడటానికి అసలు తాగని వాళ్ళు కూడా కావాలి. ఉచితమనేసరికి ఊరంతా తాగుతామనే రాయించుకుంది. తాగని మనిషి ఒక్కరూ దొరక్క చస్తున్నాం.”

గురువారం ఆయన్ని స్కాన్ బండి ఎక్కించుకున్నారు, నన్ను మాత్రం లోపలికి రానివ్వలేదు. తలుపు వేశారు. ఊపిరి బిగబట్టమని లోపల ఎవరో అంటే నేనూ బిగబట్టాను. వదలమన్నది వినపడలేదు. హజ్రా బీ వీపు మీద చరిచింది.

“నీకెందుకే స్కాను? ఊపిరి తీసుకో!”

చివరికి డాక్టరు బయటికి వచ్చి, గడ్డ ఏమీ లేదనీ, పొగకు ఊపిరి గొట్టాలు వాచాయనీ, మందు పీల్చాలనీ, కట్టెల పొయ్యి మానాలనీ చెప్పాడు.

“అయితే ఇంటికి తీసుకుపోవచ్చా, అయ్యా?”

“తీసుకుపోకపోతే మేమెక్కడ పెట్టుకుంటామమ్మా?”

ఆటో ఎక్కేదాకా నేను ఆయన చొక్కా వదల్లేదు. ఎక్కాక కూడా.