మందు కాచే చేయి

"ఇవాళ నీళ్ళనీళ్ళగా ఉంది" అన్నాడు వెన్‌షాన్, సగం తాగిన గిన్నె పక్కన పెట్టి.

అతని భార్య పెయ్‌హువా ఆ గిన్నె తీసింది. నిన్న మాడువాసన అన్నాడు. మొన్న మరీ చిక్కగా ఉంది, గొంతు దిగడం లేదన్నాడు. అన్నది మనిషి కాదనీ, అతని కడుపులో ఉన్న గడ్డ అనీ ఆమె రోజూ తనకు తాను చెప్పుకునేది. పదిహేడు రకాల వేర్లూ బెరళ్ళూ ఎండుగడ్డీ కలిసిన పొట్లం విప్పి, గంటసేపు నానబెట్టి, మట్టిచట్టిలో మొదట పెద్దమంట మీద, తర్వాత సన్నసెగ మీద, మూడు గిన్నెల నీళ్ళు ఒక గిన్నెకు వచ్చేదాకా కాచాలి. వడగట్టి మళ్ళీ నీళ్ళు పోసి రెండోసారి కాచాలి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆ పిప్పిని అత్తగారు చెప్పినట్టు దారి మీద పోసి రావాలి, నడిచేవాళ్ళ కాళ్ళు తొక్కితే రోగం పోతుందని. ఈ పని కోసమే పెయ్‌హువా దుప్పట్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళ ఉద్యోగం మానుకుంది. మానుకోమని ఎవరూ అనలేదు. "మరి ఎవరు కాస్తారు?" అని మాత్రం అందరూ అడిగారు.

వాళ్ళుండే చీదోంగ్‌లో కాలేయం జబ్బు కొత్తది కాదు. పెయ్‌హువా తల్లి దానితోనే పోయింది. కిందటేడు వెన్‌షాన్‌కు గడ్డ కనబడినప్పుడు పెద్దాసుపత్రిలో గజ్జలోంచి సన్నటి గొట్టం పంపి, గడ్డలోకే మందు ఎక్కించారు. వారం రోజులు జ్వరం, వాంతులు. ఆరువారాలకు మళ్ళీ రమ్మన్నారు. అతను వెళ్ళలేదు. "ఇంక ఆ గొట్టాలూ సూదులూ చాలు, వేర్లతో నయం చేద్దాం" అంది అతని తల్లి. అలా తంగ్ వైద్యుడి దగ్గరికి వెళ్ళారు. డెబ్బై దాటిన ఆ పెద్దాయన మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, నాలుక చూసి, చీటీ రాస్తూ స్పష్టంగానే చెప్పాడు: "ఇది తిండి సయించేలా చేస్తుంది, నిద్ర పట్టిస్తుంది, ఆసుపత్రి మందును తట్టుకునే బలమిస్తుంది. గడ్డను కరిగించదు. రెండోసారి వెళ్ళడం మానకండి." ఆ రోజు గదిలో ఉన్నది ఇద్దరే, వెన్‌షానూ పెయ్‌హువానూ. ఇంటికొచ్చాక అతను తల్లికి మొదటి ముక్కే చెప్పాడు. పెయ్‌హువా రెండోది చెప్పబోతే, "వాణ్ణి మళ్ళీ ఆ బల్ల మీదకి ఎక్కిద్దామనా నీ సరదా?" అంది అత్తగారు. వెన్‌షాన్ టీవీ గొంతు పెంచాడు. భయపడుతున్నాడని పెయ్‌హువాకు తెలుసు. భయపడే మనిషిని నిలదీయడం ఆమెకు చేతకాలేదు.

ఈ మందు మొదలైన మూడో నెలలో, రక్తపరీక్షలో గడ్డ జోరు చూపే అంకె రెట్టింపయింది. ఆ మధ్యాహ్నం అత్తగారు ఫోన్లో కూతురితో అంటున్న మాట వంటింట్లోకి వినబడింది. "మందు మంచిదే. కాచే చేతిలోనే ఏదో ఉంది."

అంతకుముందు ఎన్నో మాటలు పడింది. ఈ మాట మాత్రం చర్మం దాటి లోపలికి పోయింది. అప్పట్నించి గడియారం ఎదురుగా పెట్టుకుని కాచేది. చట్టిని రెండుసార్లు కడిగేది. ఎప్పుడైనా కునుకు పట్టిందా, మంట పెద్దదైందా అని వెనక్కి వెళ్ళి వెతుక్కునేది. పెళ్ళయిన కొత్తలో పులుసులో ఉప్పెక్కువైందని మొదలైన వెతుకులాట అది. ఇన్నేళ్ళకు ఒక మనిషి ప్రాణం దాకా వచ్చింది.

తర్వాతి సారి తంగ్ దగ్గరికి అత్తగారు కూడా వచ్చింది. కాచే పద్ధతి కోడలికి సరిగ్గా చెప్పించాలని. తంగ్ కొత్త కాగితాలు చూసి, "రెండో చికిత్స ఎప్పుడయింది?" అని అడిగాడు.

ఆయన కలం కింద పెట్టాడు.

"నేను చెప్పానుగా?"

"మాకెవరూ చెప్పలేదండీ" అంది అత్తగారు.

వెన్‌షాన్ కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "నాకు గుర్తులేదు. ఈమె పక్కనే ఉందిగా. ఈమైనా గట్టిగా చెప్పాల్సింది."

పెయ్‌హువా అతని వైపు చూసింది. పాతికేళ్ళు కాపురం చేసిన ముఖం. అందులో మోసం లేదు, సిగ్గూ లేదు. చెయ్యి చాచితే తువ్వాలు అందినట్టు, తప్పు కూడా ఎవరో ఒకరు అందుకుంటారనే నమ్మకం ఉంది.

"నేను చెప్పాను. నువ్వు టీవీ పెంచావు" అంది. ఆమె గొంతు లేవలేదు. "అత్తయ్యా, నేను సరదాకి చెప్తున్నానన్నారు మీరు."

తంగ్ ఆమె ముఖాన్ని పరీక్షగా చూశాడు. "మీ అమ్మ ఈ జబ్బుతోనే పోయిందన్నారు కదూ. ఈ గడ్డలకు దారితీసే కామెర్ల వైరస్ మీకూ ఉందా?"

"పుట్టుకతోనే ఉందండీ."

"ఆరునెలలకోసారి పరీక్ష చేయించుకుంటున్నారా?"

ఆమె లెక్క వేసుకుంది. ఇతను జబ్బుపడ్డప్పటినుంచి రెండుసార్లు తప్పింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. తనకూ లేదు.

"దానికేం, దున్నపోతులా ఉంది" అన్నాడు వెన్‌షాన్, వాతావరణం తేలిక చేద్దామన్నట్టు.

మర్నాడు చట్టి పొయ్యి మీద పెట్టకుండానే పెయ్‌హువా మొదటి బస్సెక్కింది. స్కానింగ్ గదిలో పడుచు డాక్టరు పక్కటెముకల కింద చల్లటి పరికరం జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆపింది. ముందుకెళ్ళి మళ్ళీ అక్కడికే వచ్చింది. మామూలుగా ఇలాంటిది రోగికి చెప్పరు. వరండాలో కూర్చున్న కొడుక్కో మొగుడికో చెవిలో చెబుతారు. వాళ్ళు ఇంటికొచ్చి, ఏమీ లేదట అంటారు. తల్లి విషయంలో పెయ్‌హువా కూడా అలాగే అంది.

"మీవాళ్ళని లోపలికి పిలవండి ఆంటీ" అంది డాక్టరు.

"నాకే చెప్పమ్మా. నా ఒళ్ళే కదా."

ఆ పిల్ల కాస్త తటపటాయించి తెరను ఇటు తిప్పింది. చిక్కుడు గింజంత మచ్చ. "చిన్నదే. మిగతా పరీక్షలు చూసి పెద్ద డాక్టరు చెప్తారు. తీసేయగలిగేదే అనుకుంటా. ఇంకో ఆరునెలలు ఆగుంటే మాత్రం..." ఆపేసింది. "గురువారం చేరగలరా?"

గురువారం. వెన్‌షాన్‌కు కొత్త పొట్లాలు తేవాల్సిన రోజు. నోటిదాకా వచ్చింది, ఇంట్లో కనుక్కుని చెప్తానని. మింగేసి, "చేరతాను" అంది.

ఇంటికి వచ్చేసరికి తల్లీకొడుకులు బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. పెయ్‌హువా నిలబడే చెప్పింది. మచ్చ సంగతి దాచలేదు. "గురువారం నేను ఆసుపత్రిలో చేరుతున్నాను. నీ రెండో చికిత్సకి నీ పేరు మీద కూడా చీటీ తీసుకున్నాను. రావాలనుకుంటే రా."

వెన్‌షాన్ ముఖం పాలిపోయింది. ఏదో అడగబోయాడు. ముందుగా తేరుకున్నది అత్తగారే.

"మరి మందు ఎవరు కాస్తారు?" అంది.

అది తనని అడిగిన ప్రశ్న కాదని పెయ్‌హువాకు మొదటిసారిగా అనిపించింది. ఆమె వెన్‌షాన్ వైపు చూసి, లోపలికి వెళ్ళి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది.